కర్నల్ సి.కె. నాయుడు

సెలవు రోజు వచ్చిందంటే చాలు, టేకల్ గుట్టల కింది బయలులో అయినా, మాలూరు, బంగారుపేట వీధుల్లో అయినా పిల్లలు బ్యాటూ బంతీ పట్టుకొని కనిపిస్తారు. మూడు పుల్లలు దొరికితే వికెట్లు, దొరక్కపోతే గోడ మీద బొగ్గుతో గీసిన మూడు గీతలు. క్రికెట్ ఆడి పేరు, డబ్బు సంపాదించవచ్చునని నేటి పిల్లలకు ఎవరూ చెప్పనక్కరలేదు. కాని నూరేళ్ల కిందట మన దేశంలో ఆ మాట అంటే పెద్దలు నవ్వేవారు. ఆట అన్నది దొరలకు, రాజులకు పొద్దుపుచ్చు. మిగిలినవారికి అది చదువు చెడగొట్టే వ్యసనం. ఆ రోజుల్లో ఆటనే వృత్తిగా చేసుకొని, రాజులు ఉండగానే దేశపు జట్టుకు నాయకుడైన తెలుగు వాడు కొట్టారి కనకయ్య నాయుడు. ఇంటిపేరును ఇంగ్లీషులో సి అక్షరంతో రాయడం వల్ల ఆయన లోకానికి సి.కె. నాయుడు అయ్యారు.

నాయుడుగారు 1895 అక్టోబరు 31న నాగపూరులో జన్మించారు. పూర్వీకులు తెలుగు దేశం విడిచి బతుకుతెరువు కోసం ఉత్తరానికి వెళ్లినవారు. తాత నారాయణస్వామి నాయుడు నాగపూరులో పేరు మోసిన న్యాయవాది. 1891లో ఆ ఊళ్లో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు ఆహ్వాన సంఘానికి ఆయనే అధ్యక్షుడు. ఆ మహాసభకు అధ్యక్షత వహించిన పనప్పాకం ఆనందాచార్యులు మన కోలారుకు పొరుగున ఉన్న చిత్తూరు ప్రాంతపువారు. మరాఠీ, హిందీ మాట్లాడే ఊళ్లో ఇద్దరు తెలుగువారు ఒక జాతీయ సభను ముందుండి నడిపించడం ముచ్చటైన సంగతి. తండ్రి సూర్యప్రకాశరావు నాయుడు కూడా న్యాయవాదే, ఇంగ్లండులో చదివి వచ్చినవారు. ఇంట్లో అందరూ చదువుకున్నవారే కనుక కనకయ్య కూడా ఏదో ఒక ఉద్యోగంలో కుదురుకోవలసిన వాడే.

కాని నాగపూరులోని హిస్లాప్ పాఠశాలలో చదివే రోజుల్లోనే ఆ పొడవాటి కుర్రవాడి మనసు ఆటస్థలం మీదికి పోయింది. పాఠశాల జట్టుకు నాయకుడయ్యారు. బంతి నేల మీద దొర్లేటట్లు జాగ్రత్తగా ఆడడమే మంచి ఆట అని ఆనాటి గురువులు నేర్పేవారు. నాయుడుగారికి బంతి ఆకాశంలోకి లేస్తేనే తృప్తి.

ఆ కాలపు క్రికెట్ నేటిదానివలె రాష్ట్రాల మధ్య, దేశాల మధ్య జరిగేది కాదు. బొంబాయిలో ఏటా ఒక పెద్ద పోటీ జరిగేది. అందులో యూరోపియనులు, పార్సీలు, హిందువులు, ముస్లిములు వేరువేరు జట్లుగా ఆడేవారు. ఆటగాళ్లను మతాన్నిబట్టి విడదీయడం తప్పని తరువాత గాంధీజీ కూడా అన్నారు. 1946 తరువాత ఆ పోటీ ఆగిపోయింది. ఒకే జట్టులో కూడా అందరూ సమానులు కారు. పల్వంకర్ బాలూ ఆనాటి గొప్ప బౌలరు. దళితుడు కావడం వల్ల ఆయనకు హిందూ జట్టు నాయకత్వం దక్కలేదు. చాలా వాదం జరిగిన తరువాత, 1923లో ఆయన తమ్ముడు విఠల్‌కు ఆ గౌరవం లభించింది. ఎవరు బాగా ఆడతారన్నది ఒక ప్రశ్న, ఎవరు నాయకుడు కావాలన్నది వేరొక ప్రశ్న. ఈ రెండూ ఒకటి కాకపోవడమే ఆనాటి చిక్కు. నాయుడుగారి జీవితమంతా ఈ చిక్కు ఆయన వెంట నడిచింది.

1916లో ఆయన హిందూ జట్టులో తొలిసారి యూరోపియనుల మీద ఆడారు. అప్పటికి ఏడుగురు ఆటగాళ్లు అవుటై జట్టు కష్టంలో ఉంది. ఇటువంటి వేళ కొత్తవాడు బెదరడం సహజం. నాయుడుగారు మొదటి మూడు బంతులను ఓపికగా ఆపి, నాలుగవ బంతిని సిక్సరు కొట్టారు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఏళ్లు.

ఆట బాగున్నా దానివల్ల ఇల్లు గడవదు. 1923లో ఇందూరు సంస్థానాధిపతి హోల్కర్ మహారాజు ఆయనను పిలిపించి తన సైన్యంలో కెప్టెన్ పదవి ఇచ్చారు. తరువాత అదే కొలువులో కర్నల్ అయ్యారు. పదవి సైన్యంలోది, జీతం సంస్థానానిది, అసలు పని మాత్రం క్రికెట్. మన దేశంలో వృత్తి ఆటగాడు తొలిరోజుల్లో బతికింది ఈ విధంగానే. అమెరికాలో బేస్‌బాల్ ఆటగాళ్లకు బాహాటంగా జీతాలిచ్చి సిన్సినాటి నగరంలో ఒక జట్టును 1869లోనే నడిపారు. అక్కడ జనం టిక్కెట్టు కొని ఆటగాణ్ణి పోషించారు. ఇక్కడ రాజు పోషించాడు. రాజుగారి దయ ఉన్నంతవరకే ఆట సాగుతుంది. ఇందులో సుఖమూ ఉంది, పరాధీనతా ఉంది.

దేశమంతా నాయుడుగారి పేరు మారుమోగిన రోజు 1926 డిసెంబరు 1. ఇంగ్లండు నుంచి ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వంలో ఎం.సి.సి. జట్టు వచ్చింది. బొంబాయి జింఖానా మైదానంలో హిందూ జట్టుతో ఆడి మొదట 363 పరుగులు చేసింది. వారిలో గై ఎర్ల్ అనే ఆయన ఎనిమిది సిక్సర్లు కొట్టి ప్రేక్షకులను నిశ్చేష్టులను చేశాడు. తెల్లవారి బలానికి మనవారి దగ్గర జవాబు లేదని అంతా అనుకున్నారు. మరునాడు నాయుడుగారు బ్యాటు పట్టారు. రెండు గంటలకు కొద్ది నిమిషాలు తక్కువగా ఆడి 153 పరుగులు చేశారు. అందులో సిక్సర్లే పదకొండు! ఒక బంతి జింఖానా భవనం కప్పు మీద పడింది. ఆ వార్త ఊళ్లో పాకి, కచేరీలలో పనిచేసే గుమాస్తాలు పని వదిలి మైదానం వైపు పరుగుతీశారు. చోటు దొరకనివారు చెట్లెక్కారు, చుట్టుపక్కల మేడలెక్కారు. ఒక ఇన్నింగ్సులో అన్ని సిక్సర్లు కొట్టడం అప్పటికి ప్రపంచంలో ఎక్కడా జరగలేదు. ఓడించలేకపోయిన ఆ ప్రతిభను ఎదుటి పక్షంవారే మెచ్చి ఆయనకు వెండి బ్యాటు బహూకరించారు.

ఈ ఆటను పరుగుల లెక్కతో మాత్రమే చూస్తే దాని విలువ సగమే తెలుస్తుంది. పరిపాలన తెల్లవారిది, ఆట తెల్లవారిది, ఆట నియమాలు కూడా వారివే. వారి నియమాల ప్రకారమే, వారి కళ్లెదుటే, వారిని మించి ఆడవచ్చునని ఆనాడు బొంబాయిలో వేలాదిమంది కళ్లారా చూశారు. గిల్లిగన్‌కు కూడా ఆ సంగతి అర్థమైంది. భారతీయులు తమ క్రికెట్‌ను తామే నడుపుకోగలరని ఆయన ప్రోత్సహించాడు. 1928లో క్రికెట్ బోర్డు ఏర్పడింది. నాలుగేళ్లకు భారత జట్టు మొదటి టెస్టు మ్యాచ్ కోసం ఇంగ్లండు బయలుదేరింది.

ఇక నాయకుడెవరు? అప్పటికి దేశంలో నాయుడుగారిని మించిన ఆటగాడు లేడు. అయినా ఆ పదవి ఒక రాజుకే ఇవ్వాలని పెద్దలు భావించారు. మొదట పాటియాలా మహారాజు పేరు అనుకున్నారు, ఆయన తప్పుకున్నారు. తరువాత పోరుబందరు మహారాజును నాయకుడిగా, లింబ్డీ రాజకుటుంబీకుణ్ణి ఉపనాయకుడిగా నియమించారు. ఇది మన దేశంలోనే ఉన్న వింత అనుకోకూడదు. ఇంగ్లండులో కూడా డబ్బు తీసుకొని ఆడేవారు ఒక తరగతి, వేడుకకు ఆడే కలవారు మరొక తరగతి. ఒకే జట్టులో ఆడుతున్నా ఇద్దరికీ దుస్తులు మార్చుకొనే గదులు వేరు, మైదానంలోకి వచ్చే ద్వారాలు కూడా చాలాచోట్ల వేరు. ఇంగ్లండు జట్టుకు నాయకుడు వేడుకకు ఆడేవారిలోనుంచే రావాలి. ఇరవయ్యో శతాబ్దంలో ఆ కట్టు తెగి, లెన్ హట్టన్ అనే వృత్తి ఆటగాడు నాయకుడు కావడానికి 1952 దాకా పట్టింది. ఆ రెండు తరగతుల తేడాను వారు పూర్తిగా ఎత్తివేసింది 1962లో.

పోరుబందరు మహారాజుకు ఆట అంతగా రాదు. ఆయనకున్న ఖరీదైన కార్ల సంఖ్య కంటే చేసిన పరుగుల సంఖ్య తక్కువని ఆ రోజుల్లో హాస్యంగా చెప్పుకొనేవారు. కాని ఆయనలో ఒక గొప్ప గుణం ఉంది. తన శక్తి ఎంతో తనకు తెలుసు. టెస్టు మ్యాచ్ సమీపించగానే తానుగా పక్కకు తప్పుకున్నారు. లింబ్డీ ఉపనాయకుడికి నడుము పట్టుకొంది. దానితో నాయకత్వం నాయుడుగారికి వచ్చింది. జట్టులో కొందరికి ఇది రుచించలేదు. రాజు కింద ఆడతాం కాని మనలాంటి మనిషి కింద ఎలా ఆడతామని వారి బాధ. నాయుడుగారు క్రమశిక్షణ విషయంలో బహు కఠినులు, మాట పెళుసు. అది కూడా కొందరికి నచ్చలేదన్నది నిజమే. చివరకు పెద్దలు కలగజేసుకొని సర్దిచెప్పవలసి వచ్చింది.

1932 జూన్ 25న లండనులోని లార్డ్స్ మైదానంలో భారతదేశపు మొదటి టెస్టు మ్యాచ్ ఆరంభమైంది. ముప్పై ఆరేళ్ల నాయుడుగారు జట్టును నడిపించుకొని మైదానంలోకి వచ్చారు. ఇంగ్లండు తరఫున ముందుగా ఆడవచ్చినవారు సట్‌క్లిఫ్, హోమ్స్. ఆ ఇద్దరూ పది రోజుల కిందటే యార్క్‌షైర్ జట్టుకు మొదటి వికెట్టుకు కలిసి 555 పరుగులు చేసి ప్రపంచాన్ని ఆశ్చర్యపరచినవారు. మహమ్మద్ నిస్సార్ బంతులకు ఇద్దరి వికెట్లూ ఎగిరిపోయాయి. ఆ వెంటనే ఊలీ పరుగు తీయబోయి అవుటయ్యాడు. స్కోరు 19 పరుగులకు మూడు వికెట్లు! లార్డ్స్‌లో కూర్చున్న పెద్దమనుషులకు నోట మాట రాలేదు. అయితే ఇంగ్లండు నెమ్మదిగా కోలుకొని 259 పరుగులు చేసింది. బంతిని ఆపబోయిన నాయుడుగారి చేతికి గట్టి దెబ్బ తగిలింది. ఆ చేతితోనే బ్యాటు పట్టి 40 పరుగులు చేశారు. మొదటి ఇన్నింగ్సులో మనవారిలో అదే ఎక్కువ. మన జట్టు 158 పరుగుల తేడాతో ఓడిపోయింది. మూడు రోజుల ఆటలో బలమైన ఇంగ్లండుకు చెమటలు పట్టించి ఓడింది.

ఆ పర్యటనలో నాయుడుగారు ఫస్ట్‌క్లాసు మ్యాచ్‌లలో 1,618 పరుగులు చేసి, 65 వికెట్లు తీశారు. బర్మింగ్‌హామ్‌లో ఆయన కొట్టిన ఒక బంతి మైదానం పక్కనున్న రియా అనే చిన్న నదిని దాటింది. ఆ నది అప్పట్లో రెండు జిల్లాలకు సరిహద్దు కనుక, ఒక జిల్లాలో కొట్టిన బంతి మరో జిల్లాలో పడిందని ఇప్పటికీ కథగా చెప్పుకొంటారు. క్రికెట్ లోకంలో ప్రామాణికమైన విజ్డెన్ వార్షిక గ్రంథం 1933లో ఆ ఏటి అయిదుగురు మేటి ఆటగాళ్లలో ఆయనను ఎన్నుకొంది. అంతకుముందు ఆ గౌరవం పొందిన రంజిత్‌సింహ్‌జీ, దులీప్‌సింహ్‌జీ మొదలైన భారతీయులు ఇంగ్లండు జట్టు తరఫున ఆడినవారు. భారత జట్టు ఆటగాడికి దక్కడం ఇదే ప్రథమం.

మరుసటి ఏడు ఇంగ్లండు జట్టు మన దేశానికి వచ్చింది. బొంబాయి, కలకత్తా, మద్రాసులలో జరిగిన మూడు టెస్టులకూ నాయుడుగారే నాయకులు. బొంబాయిలో కుర్రవాడైన లాలా అమర్‌నాథ్ మన దేశం తరఫున తొలి శతకం చేశాడు. అవతలి కొసన 67 పరుగులు చేసి అతనికి అండగా నిలిచినవారు నాయుడుగారు. కలకత్తాలో ఆయన తమ్ముడు సి.ఎస్. నాయుడు కూడా టెస్టు ఆటగాడయ్యాడు.

ఆట ముందుకు సాగింది కాని పాత చిక్కు విడలేదు. 1936లో ఇంగ్లండు వెళ్లిన జట్టుకు నాయకుడిగా విజయనగరం రాజకుమారుణ్ణి నియమించారు. ఆయనా తెలుగు నేలకు చెందినవారే. క్రికెట్ అంటే ప్రాణం, దానికోసం డబ్బు నీళ్లలా ఖర్చుపెట్టినవారు. కాని పోరుబందరు మహారాజుకున్న ఆత్మపరీక్ష ఆయనకు లేకపోయింది. జట్టు రెండుగా చీలింది. నాయుడుగారిని అవమానించినవారికి టెస్టులో చోటు దొరికిందని కూడా ఆనాటివారు చెప్పుకొన్నారు. లాలా అమర్‌నాథ్‌ను సగంలో ఇంటికి పంపించివేశారు. ఇంత కలతలోనూ నాయుడుగారు తనకన్న ఎంతో తక్కువ ఆట తెలిసిన నాయకుడి కింద మూడు టెస్టులూ ఆడారు. ఓవల్ మైదానంలో జరిగిన చివరి టెస్టులో గబ్బీ అల్లెన్ విసిరిన బంతి ఆయన శరీరానికి బలంగా తగిలింది. పడబోయి నిలదొక్కుకొన్నారు. మైదానం విడిచి వెళ్లలేదు. 81 పరుగులు చేశారు. టెస్టులలో ఆయన చేసిన అత్యధిక స్కోరు అదే, ఆయన ఆడిన చివరి టెస్టు కూడా అదే. మొత్తం మీద ఆడినవి ఏడు టెస్టులు, చేసిన పరుగులు 350. ఈ చిన్న అంకెలు చూసి ఆయనను కొలవడం న్యాయం కాదు. మన దేశానికి టెస్టు ఆడే అవకాశం వచ్చేసరికే ఆయన ముప్పై ఆరు దాటినవారు.

నలభై దాటినవాడు ఇక ఇంట్లో కూర్చోవలసిందే అని లోకం అనుకొంటుంది. నాయుడుగారి రెండవ ఆట అప్పుడే మొదలైంది. ఇందూరులో ఆయన హోల్కర్ జట్టును తీర్చిదిద్దారు. ఆయన చేరదీసిన ఇందూరు కుర్రవాడు ముస్తాక్ అలీ 1936లో మాంచెస్టరులో శతకం చేసి, విదేశంలో టెస్టు శతకం చేసిన మొదటి భారత ఆటగాడయ్యాడు. సర్వటే, నింబాల్కర్ వంటివారు సంస్థానంలో ఉద్యోగాలు పొంది ఆ జట్టులో చేరారు. యుద్ధ కాలంలో సైనికుడిగా మన దేశానికి వచ్చిన ఇంగ్లండు ఆటగాడు డెనిస్ కాంప్టన్ కూడా ఒక ఏడు హోల్కర్ తరఫున ఆడాడు. మైదానంలో కర్నల్‌గారి మాటకు ఎదురులేదు. దెబ్బ తగిలిందని చేయి నలుపుకోవడం, ఎండ అని నీడ వెతకడం ఆయన ముందు చెల్లవు. తనకూ అదే నియమం. యాభై దాటిన వయసులో బొంబాయి మీద ఆడుతుండగా ఫడ్కర్ వేసిన బంతి మూతికి తగిలి పళ్లు ఊడాయి. వాటిని పక్కకు తోసి, చికిత్స కూడా వద్దని, తరువాతి బంతికి సిద్ధంగా నిలుచున్నారు.

1944-45 మొదలు 1954-55 వరకు జరిగిన పదకొండు రంజీ ట్రోఫీ పోటీలలో హోల్కర్ జట్టు పదిసార్లు తుది మ్యాచ్ చేరి నాలుగుసార్లు గెలిచింది. ఇందులో ఒక మ్యాచ్ మన ప్రాంతానికి సంబంధించినది. 1946 మార్చిలో ఇందూరులో మైసూరు జట్టు హోల్కర్‌తో ఆడింది. కోలారు జిల్లా అప్పుడు మైసూరు సంస్థానంలోది కనుక ఓడింది మనమే! హోల్కర్ ఎనిమిది వికెట్లకు 912 పరుగులు చేసింది. ఒకే ఇన్నింగ్సులో ఆరుగురు శతకాలు చేశారు. వారిలో ఒకరు యాభై ఏళ్ల నాయుడుగారు, స్కోరు 101. మైసూరు బౌలరు గరుడాచార్ 69 ఓవర్లు వేసి 301 పరుగులు ఇచ్చాడు. నాలుగు వికెట్లు కూడా తీశాడు. అంతసేపు చేయి వాలనీయక బంతి వేసిన ఆ మనిషి ఓపికను కూడా మెచ్చుకోవలసిందే. ఆ తరువాత బరోడాతో జరిగిన తుది మ్యాచ్‌లో నాయుడుగారు 200 పరుగులు చేసి ట్రోఫీ గెలిపించారు.

సంస్థానాలు స్వతంత్ర భారతంలో విలీనమయ్యాయి. రాజుల కొలువులు పోయి, ఆటగాళ్లు రైల్వేలలో, బ్యాంకులలో, కంపెనీలలో ఉద్యోగాలు చూసుకోవలసిన కాలం వచ్చింది. నాయుడుగారు 1941లోనే ఒక లివర్ టానిక్ ప్రకటనకు తన పేరు ఇచ్చారు. నేటి ఆటగాళ్లు కోట్లు సంపాదించే ఆ దారిలో మొదట నడిచిన భారత క్రికెటర్ ఆయనే అంటారు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆ ఏడే ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీ ట్రోఫీలో ప్రవేశించింది. దానిని నడిపించడానికి యాభై ఎనిమిదేళ్ల సి.కె. నాయుడు వచ్చారు. నాగపూరులో పుట్టి, ఇందూరులో జీవించి, దేశమంతా ఆడిన ఆ మనిషి తాతల నేల పేరు మోసే జట్టుకు తొలి నాయకుడు కావడం తెలుగువారికి పండుగే అయింది. 1956లో ప్రభుత్వం పద్మభూషణ్ బిరుదుతో సత్కరించింది. క్రికెట్ ఆటగాళ్లలో ఆ బిరుదు పొందిన మొదటివారు ఆయనే. 1956-57లో ఉత్తరప్రదేశ్ జట్టు తరఫున రాజస్థాన్ మీద ఆడి 84 పరుగులు చేశారు. అప్పటికి ఆయన వయసు 61 ఏళ్లు. ఆయనతో తొలి రోజుల్లో ఆడినవారి మనుమలు కూడా బ్యాటు పట్టే ఈడుకు వచ్చారు! చివరకు 1963లో, 68 ఏళ్ల వయసులో, పుట్టిన ఊరు నాగపూరులో విరాళాల కోసం జరిగిన మ్యాచ్ ఆడి బ్యాటు దించారు. నలభై ఏడేళ్లలో 207 ఫస్ట్‌క్లాసు మ్యాచ్‌లు, 11,825 పరుగులు, 26 శతకాలు, 411 వికెట్లు.

1967 నవంబరు 14న ఇందూరులో నాయుడుగారు కన్నుమూశారు. క్రికెట్‌కు జీవితమంతా సేవ చేసినవారికి బోర్డు 1994 నుంచి ఆయన పేరిట పురస్కారం ఇస్తున్నది. కుమార్తె చంద్రా నాయుడు ఇందూరులో ఇంగ్లీషు అధ్యాపకురాలిగా పనిచేశారు. 1977లో బొంబాయి, ఎం.సి.సి. జట్ల మధ్య జరిగిన మ్యాచ్‌కు ఆమె వ్యాఖ్యానం చెప్పారు. మన దేశంలో క్రికెట్ వ్యాఖ్యానం చెప్పిన మొదటి మహిళ ఆమె.